వరితో నెల రోజులు: మాంటిస్సోరి సామగ్రితో ఇంట్లో యూనిట్ స్టడీ

యూనిట్ స్టడీ, అంటే ఒకే విషయం (థీమ్) చుట్టూ కొన్నాళ్లు పాఠాలన్నీ అల్లడం, అనుకోగానే చాలా ఇళ్లలో ముందు ప్రింటర్ ఆన్ అవుతుంది. వరి గురించి అంటే వరి కంకుల మీద అంకెల షీట్లు, రంగులు వేసే బొమ్మలు, చివరికి పింక్ టవర్ మీద అతికించే ధాన్యం బస్తా స్టిక్కర్లు. ఇంతకంటే మాంటిస్సోరి సామగ్రిని పాడుచేసే పద్ధతి ఇంకోటి లేదు. పింక్ టవర్‌లో పది ఘనాలూ ఒకే రంగు, ఒకే చెక్క, ఒకే నునుపు. మారేది కొలత ఒక్కటే, 1 సెం.మీ. నుంచి 10 సెం.మీ. దాకా. ఆ ఒక్క తేడా మీదే చూపు నిలవాలని మిగతా తేడాలన్నీ తీసేశారు. దాని మీద బొమ్మ అతికిస్తే పిల్లల చూపు బొమ్మ మీదికి పోతుంది, కొలత వెనక్కి పోతుంది.

అందుకని సామగ్రికి థీమ్ వేషం వెయ్యకండి. థీమ్‌ని అసలు వస్తువుతోనే ఇంట్లోకి తీసుకురండి. వడ్లు, గడ్డి, ఊక, చాట అన్నీ పిల్లల చేతికి అందాక, వాటిని కొలవడానికి, పోల్చడానికి, లెక్కపెట్టడానికి, పేరు పెట్టి రాయడానికి సామగ్రిని వాడండి. రెడ్ రాడ్స్ (పొడవు ఒక్కటే మారే ఎర్ర చెక్క కడ్డీలు) రెడ్ రాడ్స్‌గానే ఉంటాయి, వాటి పక్కన పరిచే తాడు వరి కథ చెబుతుంది. ఇక్కడ రాసిందంతా 3 నుంచి 6 ఏళ్ల పిల్లల కోసం. ఇంట్లో 6 నుంచి 9 ఏళ్ల అన్నో అక్కో ఉంటే వాళ్లకి ఏం కలపాలో మధ్యమధ్యలో ఉంది.

ముందుగా ఒక షరతు. ఏ సామగ్రినైనా థీమ్‌లోకి తెచ్చేముందు పిల్లలు దాన్ని మామూలు పద్ధతిలో చేసి ఉండాలి. గోల్డెన్ బీడ్స్‌తో (ఒకట్లు, పదులు, వందలు, వెయ్యి చూపే పూసలతో) వెయ్యి దాకా కట్టడం రాని పిల్లవాడి ముందు వెయ్యి వడ్ల గింజలు పోస్తే అది ఆట కూడా కాదు, పాఠం కూడా కాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏమేం తెచ్చుకోవాలి

రెండు మంచి అదనులున్నాయి. జూన్‌లో ఏరువాక పౌర్ణమి దాటాక మొదలుపెడితే ఊళ్లో నారుమళ్లు, నాట్లు కళ్లారా చూడొచ్చు. నవంబరు, డిసెంబరుల్లో మొదలుపెడితే కోత, నూర్పిడి, కొత్త బియ్యం దొరుకుతాయి, నెల పూర్తయ్యేసరికి సంక్రాంతి దగ్గర పడుతుంది. మొదటిసారి చేసేవాళ్లకి కోత కాలమే నయం. ఎండిన వెన్నులు, గడ్డి, వడ్లు అన్నీ ఒకేసారి చేతికొస్తాయి.

వడ్లు రెండు కిలోలు కావాలి. వీటిని రైతు దగ్గరో రైస్ మిల్లులోనో తీసుకోండి, విత్తనాల షాపులో కొనకండి. షాపు ప్యాకెట్లలోని విత్తనాలకి శిలీంధ్రనాశక మందు పట్టించి ఉంటుంది, తరచూ గులాబీ రంగులో ఉంటాయి. పిల్లలు చేత్తో పట్టుకునేవీ, నోటికి తగిలేవీ అవి కాకూడదు. తెల్ల బియ్యం ఒక కిలో, ముడి బియ్యం, ఉప్పుడు బియ్యం, నూక, అటుకులు తలా పావుకిలో, ఒక సంచి ఊక, వంద గ్రాముల తవుడు, కట్ట ఎండుగడ్డి, గింజలు రాలని వెన్నులు పదో పన్నెండో. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి మిల్లు నుంచి తెచ్చిన కొద్ది రోజులకే ముక్కవాసన పడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, కావలసినప్పుడు రెండు చెంచాలు తీయండి. వడ్లు రాగానే రెండు రోజులు ఎండలో పోయండి. పురుగు పోతుంది, దంచినప్పుడు పొట్టు తేలిగ్గా వదులుతుంది.

పనిముట్లు: పిల్లల చేతికి సరిపోయే చిన్న చాట, సన్న రంధ్రాలదొకటి పెద్ద రంధ్రాలదొకటి రెండు జల్లెడలు, చిన్న రాతి రోలు, రోకలి, ఒక్కో గ్రాము చూపించే వంటింటి తూకం. రోకలి పిల్లల మోచేతి ఎత్తు దాటకూడదు. పొడవైతే ఊపు అదుపు తప్పి వేళ్ల మీద పడుతుంది.

షెల్ఫులో థీమ్ ట్రేలు ఆరు మించకూడదు. మిగతా అరలన్నీ ఎప్పటి సామగ్రే. షెల్ఫంతా ఒక్క రాత్రిలో వరిమయం చేస్తే పిల్లలు మొదటి రోజు అన్నీ ముట్టుకుని, మూడో రోజుకి దేనినీ తీయరు. రెండు ట్రేలతో మొదలుపెట్టి మూడు రోజులకొకటి చేర్చుకుంటూ పోండి.

చేతి పని

మొదటి వారం దాదాపు అంతా ఇదే. పేర్లు, లెక్కలు తర్వాత.

పోయడం: చిన్న జగ్గులు రెండు, ఒకదాంట్లో మూడింట రెండు వంతుల వడ్లు, కింద అంచులున్న ట్రే. వడ్లతో మొదలుపెట్టాకే బియ్యం, ఆ తర్వాతే నీళ్లు. వడ్ల గింజలు గరుకు, ఒకదాన్నొకటి పట్టుకుని నెమ్మదిగా జారతాయి కాబట్టి చెయ్యి వణికినా ఒక్కసారిగా ఒలకవు. బియ్యం అలా కాదు. పక్కనే చిన్న చీపురు, చేట పెట్టండి. ఒలికినవి ఎత్తడం కూడా ఈ పనిలో భాగమే. మీరు ఎత్తితే పని సగమే అయినట్టు.

ఏరడం: ఒక కప్పు బియ్యంలో ఇరవై వడ్ల గింజలు కలిపి చాటలో పరిచి ఇవ్వండి. పిల్లలు ఏరి చిన్న గిన్నెలో వేస్తారు. చివర్లో గిన్నెలోవి లెక్కపెడితే ఇరవై రావాలి. తప్పు ఎక్కడుందో మీరు చెప్పక్కర్లేదు, లెక్కే చెబుతుంది. రాళ్లు కలపకండి. ఒక్క రాయి మిగిలి అన్నంలో పడ్డా ఈ ట్రే మీద నమ్మకం పోతుంది.

దంచడం, చెరగడం: యాభై గ్రాముల వడ్లు రోట్లో వేసి, రోకలిని పైకెత్తి తనంతట తను పడనివ్వడం ముందు మీరు చేసి చూపించండి. చేత్తో అదిమి కొడితే గింజ విరిగి నూకవుతుంది. నాలుగేళ్ల పిల్లలు పది నిమిషాల్లో సగం గింజలకైనా పొట్టు వదిలిస్తారు. తడి ఉన్న వడ్లయితే పొట్టు వదలదు, గింజ నలిగిపోతుంది. చెరగడం ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబెట్టి చేయించాలి. ఊక దుమ్ము కళ్లలో పడితే మంట, చర్మానికి దురద. గాలి లేకపోతే టేబుల్ ఫ్యాను తక్కువ స్పీడులో రెండు మీటర్ల దూరంలో పెట్టి, పై నుంచి దోసిలితో జారవిడిస్తే తూర్పార పట్టినట్టే: ఊక అవతలికి పోతుంది, గింజ కింద పడుతుంది. ఇందులో బరువైనదానికీ తేలికదానికీ తేడా కళ్లముందే తేలిపోతుంది. బరువుల పలకలతో చేసే పాఠానికి ఇంతకంటే మంచి ముందుమాట దొరకదు.

మూడేళ్లలోపు తమ్ముడో చెల్లో ఇంట్లో తిరుగుతుంటే ఈ ట్రేలన్నీ బల్ల ఎత్తులో పెట్టండి, నేల మీద వద్దు. గింజలు ముక్కులోకి, చెవుల్లోకి వెళ్లడం చాలా మామూలుగా జరిగే ప్రమాదం.

ఇంద్రియాల పని

ఒకే సైజు స్టీలు గిన్నెలు నాలుగింటిలో ఊక, తవుడు, వడ్లు, బియ్యం అంచుదాకా పోసి సమంగా గీయండి. రెండు చేతుల్లో రెండు గిన్నెలు పట్టుకుని ఏది బరువో చెప్పాలి. ఊక గిన్నె పట్టుకోగానే చెయ్యి పైకి లేచిపోతుంది. తరవాత కళ్లకు గుడ్డ కట్టుకుని నాలుగింటినీ తేలిక నుంచి బరువుకి పేర్చడం.

శబ్దం డబ్బాలకి లోపల ఏముందో బయటికి కనపడని ఒకే రకం చిన్న డబ్బాలు ఎనిమిది తీసుకోండి. ఊక, నూక, బియ్యం, వడ్లు తలా రెండు డబ్బాల్లో, ప్రతిదాంట్లో మూడో వంతు మాత్రమే. జతలో రెండు డబ్బాల్లోనూ ఒకే బరువు ఉండాలి కాబట్టి తూకం వేసి పోయండి. చెంచాతో ఉజ్జాయింపుగా పోస్తే ఒకే జత రెండు రకాలుగా మోగుతుంది, అప్పుడు పిల్లల చెవి తప్పు కాకపోయినా తప్పయినట్టు కనిపిస్తుంది. అడుగున జతకో రంగు చుక్క పెట్టండి, తిప్పి చూసుకుని వాళ్లే సరిచేసుకుంటారు. మూత టేపుతో బిగించడం మర్చిపోవద్దు.

రెండు జల్లెడలతో నూకని, బియ్యాన్ని, వడ్లని వేరు చేసే ట్రే నాబ్డ్ సిలిండర్లు (చెక్క దిమ్మె రంధ్రాల్లో సరిపోయేవి చూసి పెట్టే పిడి సిలిండర్లు) చేసిన పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. ఏ గింజ ఏ రంధ్రంలో పడుతుందన్నదే రెండింట్లోనూ ప్రశ్న. ముందుగా మీరే ఒకసారి జల్లించి చూడండి. సన్న రకం బియ్యమైతే సన్న రంధ్రాల జల్లెడలో కూడా నూకతో పాటే దిగిపోతుంది, అప్పుడు జల్లెడ మార్చాలి.

పేర్లు, త్రీ పార్ట్ కార్డులు

వస్తువు చేతిలో ఉన్నప్పుడు ఫొటో కార్డు అక్కర్లేదు. వడ్లు, ముడి బియ్యం, తెల్ల బియ్యం, ఉప్పుడు బియ్యం, నూక, అటుకులు, మరమరాలు, ఊక, తవుడు అన్నీ చిన్న గిన్నెల్లో పోసి, పేర్ల చీటీలు మాత్రమే రాసి పెట్టండి. ఇంట్లోకి తేలేనివాటికే త్రీ పార్ట్ కార్డులు (బొమ్మ, పేరు చీటీ, రెండూ కలిసిన కార్డు): నారుమడి, నాట్లు, కలుపుతీత, కోత, కుప్ప, నూర్పిడి, గడ్డివాము, మిల్లు.

పేర్లు నేర్పే మూడు దశల పాఠం ఇలా సాగుతుంది. మూడు గిన్నెలే ముందు పెట్టాలి. "ఇది ఊక", "ఇది తవుడు", "ఇది నూక" అని ఒక్కోటి ముట్టుకుని చెప్పాలి. రెండో దశలో "తవుడు నా చేతిలో పెట్టు", "నూక కిటికీ దగ్గర పెట్టు", "ఊక వాసన చూడు" అంటూ పదిసార్లైనా తిప్పాలి. ఈ రెండో దశే పొడవుగా ఉండాలి. మూడో దశ "ఇదేమిటి?" అన్నది, ఒకటికి రెండుసార్లు సరిగ్గా ఇచ్చాకే. చాలామంది తొందరపడి రెండో నిమిషంలోనే "ఇదేమిటి?" అంటారు. పిల్లలు తడబడతారు, పాఠం పరీక్షలా అయిపోతుంది. మూడో దశలో తప్పు చెబితే సరిదిద్దకుండా అక్కడితో ఆపి, మర్నాడు మొదటి దశ నుంచి మొదలుపెట్టండి.

ఒక ఇంట్లో వెన్ను అంటారు, ఇంకో ఇంట్లో కంకి. వడ్లు అనేవాళ్లున్నారు, ధాన్యం అనేవాళ్లున్నారు. ముందు మీ ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ అనే మాట రాయండి. రెండోది నెల చివర్లో చెప్పండి. ఒకే రోజు రెండు పేర్లిస్తే చీటీ ఏ కార్డు కింద పెట్టాలో తెలియక పిల్లలు వదిలేస్తారు.

కార్డు కొలతలు: బొమ్మ 10×10 సెం.మీ., చీటీ 10×3 సెం.మీ., రెండూ కలిసి ఉండి సరిచూసుకోవడానికి పనికొచ్చే కంట్రోల్ కార్డు 10×13. ఒక సెట్‌కి ఎనిమిది చాలు. ఫొటోలు మీ ఫోనుతోనే తీయండి: నీడలో, తెల్ల కాగితం మీద, వస్తువు ఒక్కటే. మొక్క భాగాల సెట్‌లో మొక్కంతా నల్ల గీతల్లో గీసి, ఆ కార్డులో చెప్పే భాగానికి మాత్రమే ఎరుపు వేయండి: వేరు, పిలక, కణుపు, ఆకు, వెన్ను, గింజ. లామినేట్ చేసేముందే కాగితాన్ని కత్తిరించి, లామినేషన్ అయ్యాక చుట్టూ 3 మి.మీ. ప్లాస్టిక్ అంచు వదిలి మళ్లీ కత్తిరించాలి. అంచు వదలకపోతే వారంలో పొరలు విడిపోయి చెమ్మ పడుతుంది.

తెలుగు అక్షరాలతో పదాలు కట్టడం

ఇక్కడ ఇంగ్లీషు పద్ధతిని తెచ్చి అలాగే వాడితే పని జరగదు. పదాలు కట్టే ఇంగ్లీషు అక్షరాల పెట్టెలో ఒక్కో శబ్దానికి ఒక్కో అక్షరం. తెలుగు పిల్లలకి "వరి" అంటే వినపడేవి రెండు ముక్కలు, వ, రి. ఆ "రి"ని మళ్లీ విడగొట్టమనడం మొదట్లో అనవసరం. అందుకే గుణింతపు అక్షరాన్ని ఒకే ముక్కగా చేసి, అందులో గుర్తు మాత్రం వేరే రంగులో కనపడేలా చేయండి. అచ్చులు నీలం, హల్లులు ఎరుపు అన్న మాంటిస్సోరి లెక్క ఇక్కడా సరిపోతుంది: ర ఎరుపు, దాని మీద గుడి నీలం. కంప్యూటర్లో టైపు చేస్తే అక్షరం, గుర్తు కలిసిపోయి రెండు రంగులు విడిగా రావడం కష్టం. మందపాటి అట్టముక్కల మీద స్కెచ్ పెన్నులతో చేత్తో రాయడమే సులువు. ముక్క ఎత్తు 5 సెం.మీ., అడుగున సన్న గీత. ఆ గీత లేకపోతే అక్షరాన్ని తలకిందులుగా పెడతారు.

థీమ్ పదాలని మూడు మెట్లుగా ఇవ్వండి.

మొదటి మెట్టు, తలకట్టు అక్షరాలు, అచ్చులు: ఊక, పన, మర, వరద. సున్న వచ్చాక పంట, గంప, వంట.

రెండో మెట్టు, గుణింతాలు: వరి, నారు, మడి, చాట, రోలు, కోత, నూక, నాగలి, గింజ, తవుడు.

మూడో మెట్టు, వత్తులు: గడ్డి, కుప్ప, వడ్లు, నాట్లు, వెన్ను, అన్నం, బియ్యం.

రెండో మెట్టు పది పదాలకీ కావలసిన ముక్కలు 21 రకాలే: వ, రి, నా, రు, మ, డి, చా, ట, రో, లు, కో, త, నూ, క, గ, లి, గి, సున్న, జ, వు, డు. ఒక్కోటి రెండేసి చేసుకుంటే 42 ముక్కలు. ఇవే ముక్కలతో రోకలి, కోడి, నూలు కూడా వస్తాయి, అవి పిల్లలే కనిపెట్టనివ్వండి. గుణింతాల పెట్టె మొత్తం ఒక్కసారి చేద్దామని కూర్చుంటే నెలంతా కత్తిరింపుకే సరిపోతుంది. థీమ్‌కి కావలసినంతే చేస్తూ పోతే, నాలుగైదు థీమ్‌లు పూర్తయ్యేసరికి పెట్టె దానంతటదే నిండుతుంది.

తవుడుని చివర పెట్టడానికి కారణముంది. "వు", "మ" చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. మడి బాగా కుదిరాక, కనీసం వారం ఆగి తవుడు ఇవ్వండి. వత్తుల విషయంలో ముందు ద్విత్వాలు: గడ్డి, కుప్ప. కింద ఉన్న వత్తు కూడా అదే అక్షరమని తెలిశాకే వడ్లు, నాట్లు లాంటి వేరే అక్షరపు వత్తులు. బియ్యంలో ద్విత్వం, గుణింతం, సున్న మూడూ ఉన్నాయి కాబట్టి అది అన్నింటికంటే చివర.

పదం కట్టేటప్పుడు వస్తువు ముందు ఉండాలి, రాసిన చీటీ ఉండకూడదు. చీటీ ఉంటే అది కాపీ అవుతుంది. పిల్లలు "నుక" అని కట్టినా అప్పటికప్పుడు దిద్దకండి. ఆ రోజు చెవికి నూక దీర్ఘం అందలేదంతే. మర్నాడు నూక గిన్నె చేతికిచ్చి పేరు నెమ్మదిగా సాగదీసి చెప్పండి.

లెక్క

స్పిండిల్ బాక్సుకి (0 నుంచి 9 దాకా గడులున్న పెట్టె, ఒక్కో గడిలో అన్ని పుల్లలు వేయాలి) 45 పుల్లలు కావాలి, సున్న గడి ఖాళీగా ఉండాలి. ఎండుగడ్డిని 12 సెం.మీ. ముక్కలుగా కత్తిరించి పుల్లల బదులు ఇవ్వొచ్చు, ఒక్కో గడిలోవి తాడుతో కట్టి చిన్న పనలుగా చేయొచ్చు. సరిగ్గా 45 ఉండాలన్నది ముఖ్యం. చివర ఒకటి మిగిలినా తగ్గినా ఎక్కడో తప్పిందని వాళ్లకే తెలుస్తుంది. గడ్డి రెండుగా చీలితే లెక్క చెడిపోతుంది కాబట్టి లావు కాడలు ఎంచుకోండి.

ఈ థీమ్‌లో అన్నింటికంటే నిలబడే పాఠం వెయ్యి గింజల పాఠం. గోల్డెన్ బీడ్స్‌లో వెయ్యి ఘనం దాకా చేసిన ఐదున్నర, ఆరేళ్ల పిల్లలకి. ముదురు రంగు గుడ్డ పరిచి, ఫ్యాను ఆపి, పది వడ్ల గింజలు వరసగా పెట్టి పక్కన పదుల బీడు కడ్డీ పెట్టాలి. అలాంటి వరసలు పదైతే పక్కన వందల పలక. ఆ వంద గింజలు ఒక కాగితపు కప్పులోకి. కప్పు మీద 100 అని చీటీ. పది కప్పులు ఒక్క రోజులో పూర్తి చేయించకండి. రోజుకి రెండు చాలు, ట్రే మీద పిల్లల పేరు పెట్టి వదిలేస్తే మర్నాడు అక్కడి నుంచే సాగుతుంది. పదో కప్పు నిండాక అన్నీ ఒక గాజుసీసాలో పోసి, పక్కన వెయ్యి ఘనం పెట్టండి. సీసాలో రెండు పెద్ద చెంచాల వడ్లే కనిపిస్తాయి. వెయ్యి అన్న లెక్కకీ అది ఆక్రమించే చోటుకీ సంబంధం లేదని అక్కడ తెలుస్తుంది.

తరవాత తూకం. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి (బీపీటీ 5204) లాంటి సన్న రకాల్లో వెయ్యి గింజలు 15 గ్రాములకి అటూఇటూ తూగుతాయి, లావు రకాల్లో 25 గ్రాముల దాకా. ఎనిమిదేళ్ల అక్క ఉంటే ఇక్కడి నుంచి ఆవిడ పని: వెయ్యి 15 గ్రాములైతే పదివేలు 150 గ్రాములు, లక్ష గింజలు కిలోన్నర. కిలోన్నర వడ్లు సంచిలో తూచి కట్టి లక్ష అని రాసి పెట్టండి. లక్షని చేత్తో మోసే అవకాశం బీడ్స్‌తో రాదు. చెల్లి సీసా, అక్క సంచి ఒకే షెల్ఫులో ఉండాలి.

బజారులో ఇత్తడి కొలతలు దొరికితే తప్పక కొనండి: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇంతకంటే చక్కని ఘనపరిమాణపు సామగ్రి ఏ కేటలాగులోనూ లేదు. చిన్నవాళ్లు గిద్దతో సోల నింపి ఎన్నిసార్లు పోశారో లెక్కపెడతారు. పెద్దవాళ్లకి మానికలో గిద్ద పదహారో వంతని భిన్నాల పలకలతో కలిపి చూపొచ్చు. ప్రతిసారీ అంచుదాకా నింపి పుల్లతో సమంగా గీయాలి. గోపురంగా పోస్తే నాలుగు గిద్దలకే సోల పొంగిపోతుంది. ఒకే దుకాణంలో సెట్టుగా కొనండి, ప్రాంతాన్ని బట్టి కొలతలు మారతాయి.

హండ్రెడ్ బోర్డు (వంద గడుల పలక) ఉన్నవాళ్లు పెద్దపిల్లలకి మిల్లు లెక్క ఇవ్వొచ్చు. ప్రభుత్వం వంద కిలోల ధాన్యం ఇస్తే మిల్లరు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగివ్వాలి. వంద గడుల్లో 67 తెల్ల చీటీలు, ఊకకి 20 పసుపు చీటీలు పెట్టి, మిగిలిన 13 గడుల్లో ఏముంటుందో వాళ్లనే చెప్పమనండి: తవుడు, తాలు (లోపల గింజ లేని వడ్లు), దుమ్ము. బోర్డు మీద అతికించకండి, పైన పరవండి చాలు.

తొట్టిలో వరి, తాడు మీద వరి

వడ్లని గిన్నెడు నీళ్లలో పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. తేలినవి తీసేసి మునిగినవి ఒక పూర్తి రోజు నానబెట్టాలి. నీళ్లు వంపి తడి గోనెగుడ్డలో చుట్టి మండె కట్టి ఇంకో రోజు ఉంచాలి, చలికాలమైతే రెండు రోజులు. తెల్లటి మొలక ఒకటి రెండు మి.మీ. రాగానే చల్లేయాలి. ఇంకా ఉంచితే వేళ్లు చిక్కుపడి, విడదీసేటప్పుడు తెగిపోతాయి.

తొట్టి 30 సెం.మీ. వెడల్పు, అడుగున రంధ్రం లేనిది. నల్లమట్టి 12 సెం.మీ. పోసి నీళ్లతో బురదగా కలిపి ఒక రాత్రి తేరనివ్వాలి. పైనీళ్లు వంపేసి మొలకలు బురద మీద చల్లాలి, పూడ్చకూడదు. మొదటి మూడు రోజులు తడి మాత్రమే, నీళ్లు నిలబెడితే గింజ కుళ్లుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు సెం.మీ. నీళ్లు. రోజూ ఐదారు గంటల ఎండ తప్పనిసరి. కిటికీలో పెట్టిన నారు పాలిపోయి పొడుగ్గా సాగి పడిపోతుంది. నిలవనీటిలో దోమలు పెడతాయి కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు పూర్తిగా వంపి, బురద తేలాక మళ్లీ పోయండి. 20, 25 రోజులకి నారు పీకి రెండో తొట్టిలో కుదురుకి రెండు మొక్కలు చొప్పున, 3 సెం.మీ. లోతులో, 15 సెం.మీ. ఎడంతో నాటించండి.

ఎదుగుదల కొలవడానికి స్కేలు ఇవ్వకండి. ఐదు రోజులకోసారి మొక్క పక్కన పచ్చ కాగితపు పట్టీ పెట్టి మొక్క ఎత్తుకి కత్తిరించి, తేదీ రాసి, పెద్ద కాగితం మీద పక్కపక్కనే అతికించాలి. నెలకి ఆరు పట్టీలు, చూస్తే రెడ్ రాడ్స్ మెట్లే. ఎప్పుడూ ఒకే మొక్కని కొలవాలి. దానికి ఎర్ర దారం వదులుగా కట్టుకోండి. మొక్క మారితే ఒకసారి పట్టీ ముందటిదానికంటే పొట్టిగా వచ్చి పిల్లలు తికమకపడతారు.

పక్కనే ఇంకో చిన్న ప్రయోగం: తడి దూది మీద మూడు పళ్లేల్లో వడ్లు, తెల్ల బియ్యం, ఉప్పుడు బియ్యం. ఐదు రోజుల్లో వడ్లు మాత్రమే మొలుస్తాయి. తెల్ల బియ్యంలో మొలక భాగం మిల్లులో తవుడుతో పాటే పోయింది, ఉప్పుడు బియ్యం ఉడకడంలో చచ్చిపోయింది. బియ్యపు గింజ కొసన చిన్న నొక్కు ఉంటుంది, మొలక ఊడిన చోటు అదే. భూతద్దం ఇచ్చి చూపించండి.

నెల రోజుల్లో కోత దాకా రాదు కదా, దాని కోసం తాడు. 120 సెం.మీ. తాడు తీసుకుంటే సెంటీమీటరుకొక రోజు చొప్పున 120 రోజుల పంట. పక్కన మీటరు రెడ్ రాడ్ పరిచి, దాని కొసన 20 సెం.మీ. రాడ్ కలపండి, పొడవు సరిపోతుంది. 25 దగ్గర నాట్లు, 60 దగ్గర వెన్ను పుట్టడం, 90 దగ్గర పూత, 120 దగ్గర కోత కార్డులు పెట్టాలి. తొట్టిలో మొక్క ఇవాళ ఎక్కడుందో చూపడానికి బట్టలకి పెట్టే క్లిప్పు ఒకటి. రోజూ ఉదయం దాన్ని ఒక సెంటీమీటరు జరపడం పిల్లల పని.

మ్యాపు

చెక్క పజిల్ మ్యాపు కొనేముందు తెలంగాణ విడి ముక్కగా ఉందో లేదో చూడండి. 2014 జూన్ 2కి ముందటి అచ్చుతో ఇంకా అమ్మేవాళ్లున్నారు. 2019 అక్టోబరులో లదాఖ్ విడిపోయిన మార్పు కూడా చూసుకోండి. పాత మ్యాపే ఉంటే అట్టతో కొత్త ముక్క చేసుకోవచ్చు గానీ, పక్క ముక్కల అంచులతో సరిగ్గా అమరకపోతే తప్పు వాళ్లంతట వాళ్లకి తెలిసే గుణం పోతుంది.

భూమి, నీరు ట్రేల్లో సాధారణంగా ద్వీపం, సరస్సు, ద్వీపకల్పం, సింధుశాఖ చేస్తాం. ఈ థీమ్‌కి డెల్టా చేర్చండి. ట్రేలో ఒక వైపు బంకమట్టి వాలుగా పరిచి, పై నుంచి ఇసుక కలిపిన నీళ్లు సన్నగా పోస్తే కింద పాయలు చీలి ఇసుక విసనకర్రలా పరుచుకుంటుంది. నీళ్లు ధారగా కుమ్మరిస్తే గాడి పడుతుందే గానీ డెల్టా రాదు. ట్రేలోని ఆ నది మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టి పక్కకి కాలువ తీసి చూపిస్తే గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట అర్థమవుతుంది. 1852కి పూర్తయిన ఆ ఆనకట్ట నీళ్లే గోదావరి డెల్టాకి వరినిచ్చాయని పెద్దపిల్లలకి చెప్పొచ్చు. 3 నుంచి 6 ఏళ్లవాళ్లకి సంవత్సరం అక్కర్లేదు, నీళ్లు కాలువలోకి తిరగడం చాలు.

మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలంలో కొడైకెనాల్‌లో ఉండగా పెద్దపిల్లల కోసం పెంచిన ఆలోచన ఇదే: నీరు, మట్టి, మొక్క, మనిషి పని ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో ముందు చూపించి, వివరాలు తర్వాత ఇవ్వడం. అందుకే 6 దాటిన పిల్లలకి థీమ్ అనేది బాగా పనికొస్తుంది. ఆరులోపు వాళ్లకి థీమ్ మీ మనసులో ఉంటే చాలు, వాళ్లకి అది ఒక్కో ట్రేగానే అందాలి. "ఈ నెల మనం వరి చదువుతున్నాం" అని చెప్పనక్కర్లేదు.

రోజు ఎలా నడపాలి

పొద్దున రెండు గంటలు అంతరాయం లేకుండా ఉంచండి. కొత్త పాఠం రోజుకొకటి, పది నిమిషాలు మించకుండా. మిగతా సమయమంతా వాళ్లు ఎంచుకున్నది. ఒక నోటుపుస్తకంలో మూడే రాయండి: ఏ ట్రే తీశారు, ఎంతసేపు, మళ్లీ మళ్లీ చేశారా. ఐదు రోజులు ఎవరూ ముట్టని ట్రేని తీసేయండి, ఎక్కడో ఒక మెట్టు ఎక్కువైందన్నమాట. వెన్నుల పని అయిపోయాక వాటిని కుచ్చుగా కట్టి వసారా చూరుకి వేలాడదీస్తే పిచ్చుకలు తింటాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఊరి నుంచి వడ్లు, వెన్నులు సామాన్లో పెట్టుకుని వెళ్లకండి. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో ధాన్యం, విత్తనాలు తేవడం మీద గట్టి ఆంక్షలున్నాయి. అక్కడ స్థానికంగా అమ్మే విత్తనం దొరికితే సరే, లేకపోతే పొట్టుతో ఉన్న బార్లీతో నానబెట్టడం, మొలకెత్తించడం, దంచడం, వెయ్యి గింజల లెక్క చేయించొచ్చు. అయితే బార్లీని రంధ్రాలున్న కుండీలో, మామూలు తడి మట్టిలో వేయాలి. నీళ్లు నిలబెడితే చచ్చిపోతుంది.

నెల కాగానే ట్రేలు తీసేయండి గానీ తొట్టి, తాడు, క్లిప్పు మాత్రం ఉంచండి. గింజలు జిప్ కవర్లలో పోసి పేరు, తేదీ రాసి ఫ్రీజరులో పెడితే వచ్చే ఏడాదికి పురుగు పట్టదు. త్రీ పార్ట్ కార్డులు సెట్‌కో రబ్బరు బ్యాండు, వెనక సెట్‌కో రంగు చుక్క. గుణింతపు ముక్కలు మాత్రం థీమ్ డబ్బాలో దాచకండి, అవి అక్షరాల పెట్టెలోకి వెళ్లాలి. తర్వాతి థీమ్ చేపలైనా చింతచెట్టైనా, ముందు ఆ పెట్టెలో ఏ ముక్కలున్నాయో చూసుకుని పదాలు ఎంచుకోండి.